అద్దము లేని కెమెరాతో పక్షుల చెరువు గట్టున

చూచు కన్ను ఒకచోటను, చిత్రము పడు పలక వేరొకచోటను ఉండుటయే ఛాయాచిత్రకళను దాదాపు ఒక శతాబ్దము వేధించిన చిక్కు. 1839లో డాగేరు పద్ధతి లోకమునకు వెల్లడియైన పిమ్మట వాడుకలోనికి వచ్చిన పెద్ద పెట్టె కెమెరాలలో, ఛాయాగ్రాహకుడు తలపై నల్లని గుడ్డ కప్పుకొని, వెనుకనున్న గరుకుటద్దముపై తలక్రిందుగా పడిన బింబమును సరిచూచుకొని, పిదప ఆ అద్దమునకు బదులుగా రసాయనము పూసిన పలకను అమర్చి, అప్పుడు గాని కటకపు మూత తీయుటకు వీలులేక యుండెను. కొండలును కోటలును ఈ జాప్యమును సహించినవి. కొమ్మ విడిచి ఎగురబోవు పక్షి సహింపదు. కటకము ప్రక్కనే చిన్న కిటికీ నొకదానిని పెట్టి, దానిగుండ చూచు ఉపాయము తరువాత వచ్చినది గాని, రెండు రంధ్రములు రెండు చోటుల నుండి చూచుటచేత రెండు దృశ్యములును ఒండొంటితో సరిపోలవు. అందులోను దూరపు వస్తువును దగ్గరకు తెచ్చు పొడుగుపాటి కటకమును బిగించినపుడు ఆ కిటికీ బొత్తిగా అక్కరకు రాదు.

ఈ చిక్కునకు దొరికిన విరుగుడు ఒక చిన్న అద్దపు పలక. కటకమునకును ఫిల్మునకును నడుమ 45 డిగ్రీల వాలుతో నిలిచి, లోనికి వచ్చిన వెలుతురును పైకి మరలించి కంటికి చూపుటయు, మీట నొక్కిన క్షణమున తాను పైకి లేచి అదే వెలుతురును ఫిల్ము మీదికి పోనిచ్చుటయు దాని పని. 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో ఈ ఏర్పాటును 1936లో జర్మనీయందలి డ్రెస్డెన్ నగరమున తయారైన కినె ఎక్సాక్టా ప్రసిద్ధికి తెచ్చెను. బింబమున కుడియెడమలు తారుమారగు దోషమును 1949 నాటి కాంటాక్స్ ఎస్‌లోని పంచకోణ పట్టకము సవరించెను. చిత్రము తీసిన మరుక్షణమే అద్దము తనంతట తాను స్వస్థానమునకు దిగివచ్చు సౌకర్యము 1954లో అసాహిఫ్లెక్స్ ద్వారా జపాను కెమెరాలకు అబ్బెను. 1959లో నికాన్ ఎఫ్ వచ్చుటతో ఈ జాతి కెమెరాకు పత్రికారంగమునను, అరణ్యములందును ఎదురులేకపోయెను. కాని అద్దమునకు లేచి దిగుటకు చోటు కావలెను. కటకమును బిగించు వలయము నుండి ఫిల్ము వరకు గల దూరము నికాన్ ఎఫ్ నమూనాలో 46.5 మిల్లీమీటర్లు, కేనన్ ఈఎఫ్ నమూనాలో 44 మిల్లీమీటర్లు. కెమెరా లావునకును, బరువునకును, మీట నొక్కినప్పటి చప్పుడునకును, చిత్రము పడు క్షణమున కంటికి అంధకారము కమ్ముటకును ఈ అద్దమే మూలము. ఛాయాగ్రాహకుడు తాను తీసిన చిత్రపు అసలు క్షణమును ఎన్నడును చూచి యెరుగడు. దానికి ముందు క్షణమును, తరువాతి క్షణమును మాత్రమే చూచును.

పలకకు చూపు వచ్చిన వైనము

ఫిల్మునకు వెలుతురును గ్రహించు శక్తియే గాని, తాను గ్రహించినదానిని అప్పటికప్పుడు చెప్పగల శక్తి లేదు. ఆ శక్తి సిలికానునకు కలదు. వెలుతురు ఫోటానులను చిన్న చిన్న మోతాదులుగా వచ్చి పడుననియు, తగిన శక్తిగల మోతాదు ఎలక్ట్రానును కదలింపగలదనియు ఐన్‌స్టీను 1905లో వివరించిన సూత్రమునకు అనుగుణముగా, సిలికాను పలకపై పడిన వెలుతురు ఎలక్ట్రానుల లెక్కగా మారును. ఆ లెక్కను వరుసలు వరుసలుగా బయటికి తోడు సీసీడీ అను పరికరమును 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు కల్పించి, 2009లో నోబెల్ బహుమానము పొందిరి. 1975లో కోడక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ కూర్చిన తొలి డిజిటల్ కెమెరా నూరు గడులు పొడవు, నూరు గడులు వెడల్పు గల చిత్రమును టేపుపై వ్రాయుటకు 23 సెకనులు తీసికొనెను. ఆ పిమ్మట అంతరిక్షనౌకల కెమెరాలను మరింత చిన్నవిగా, తక్కువ విద్యుత్తుతో పనిచేయునవిగా చేయవలెనను తలంపుతో 1990 దశాబ్దపు తొలినాళ్లలో అమెరికాయందలి జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసమ్ బృందము తీర్చిన సీమాస్ సెన్సారు వంశమే నేడు మన జేబుఫోనులందును, కెమెరాలందును పనిచేయుచున్నది.

పలక తాను చూచుచున్నదానిని క్షణక్షణమును తానే చెప్పగలిగిన తరువాత, దానికి బదులుగా చూచిపెట్టు అద్దముతో పనియేమి? 2008లో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు కలసి ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ నమూనా ఈ ప్రశ్నకు తొలి గట్టి సమాధానము. ఆ యేడే వెలువడిన పానసోనిక్ జీ1 కెమెరాలో అద్దము లేదు. సెన్సారు చూచినదే వెనుకనున్న బుల్లి తెరపై కంటికి కనబడును. కటకపు వలయము నుండి సెన్సారు వరకు దూరము సుమారు 19 మిల్లీమీటర్లకు తగ్గిపోయెను. తరువాత పదేండ్లకు తక్కిన పెద్ద సంస్థలును ఈ బాట పట్టక తప్పలేదు. నికాన్ తన కొత్త నమూనాలో ఆ దూరమును 16 మిల్లీమీటర్లకును, కేనన్ 20 మిల్లీమీటర్లకును దించినవి.

ఇచట సామాన్యముగా జనులు పొరబడు విషయ మొకటి కలదు. అద్దము తీసివేయుటచేత కెమెరా పెట్టె పలుచనగును గాని, దూరపు పక్షులను దగ్గరకు తెచ్చు కటకము చిన్నది కాదు. ఆ కటకపు పొడవును దాని నాభ్యంతరమును, లావును అది గ్రహింపవలసిన వెలుతురును నిర్ణయించును. వానిపై అద్దమునకు అధికారము లేదు. కటకమును కురచజేయు ఉపాయము వేరు, అది సెన్సారును చిన్నదిగా చేయుట. పాత ఫిల్ము కొలతగల సెన్సారు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు కాగా, మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సారు 17.3కి 13 మాత్రమే. చిన్న దీర్ఘచతురస్రము దృశ్యములో నడిమి భాగమునే గ్రహించుటచేత, దానికి 300 మిల్లీమీటర్ల కటకమును తగిలించినచో పెద్ద సెన్సారునకు 600 మిల్లీమీటర్ల కటకము తగిలించినంత చూపు వచ్చును. పెద్ద కెమెరాలకై చేసిన 600 మిల్లీమీటర్ల మేలుజాతి కటకములు మూడు నాలుగు కిలోల బరువుండగా, ఈ చిన్నదానికి తగిన సామాన్య కటకము అరకిలోకు అటునిటుగా తూగును. ఈ అంతరము ఉత్తపుణ్యమునకు రాదని చదువరులు ముందుగనే ఊహించియుందురు. ఆ మూల్యమెంతో తేల్చుకొనుటకు పుస్తకముకంటె చెరువుగట్టు మేలని నేనొక చిన్న కెమెరాను భుజమున తగిలించుకొని నేలపట్టునకు పోయితిని.

కడప చెట్లపై కాపురములు

సూళ్లూరుపేటకు ఉత్తరముగా, దొరవారిసత్రమునకు చేరువనున్న నేలపట్టు చెరువు చూచుటకు పెద్దది కాదు. కాని నడుము లోతు నీటిలో మునిగియు చావక బ్రదుకగల కడప చెట్లు ఆ చెరువునిండ గుంపులు గుంపులుగా నుండుటచేత, నలువైపుల నీరే కోటకందకమై కాపాడగా, గూడబాతులు శీతకాలమున వచ్చి ఆ చెట్ల తలలపై పుల్లలతో గూళ్లు కట్టి పిల్లలను సాకును. 1976లో దీనిని పక్షి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. గూడబాతులకు తోడుగా నత్తగుల్లకొంగలు, తెల్ల కంకణములు, నీటికాకులు, చింతవక్కలు అవే చెట్లపై అంతస్తులు పంచుకొని కాపురముండును. వీని రెట్టలు కలిసిన చెరువునీరు పొలములకు ఎరువు వేయకయే సత్తువ నిచ్చుననుట ఇట్టి చెరువుల క్రింది రైతులకు అనుభవసిద్ధము.

తెల్లవారకముందే గట్టు చేరిన నన్నును, నా చేతిలోని వస్తువును మార్చి మార్చి చూచి, అచటి కావలివాడు, "ఇంత చిన్న మిషన్‌కి ఆ గూళ్లు అందుతాయా సార్?" అని అడిగెను. "అందుతాయి గానీ అయ్యా, కాస్త ఎండ పొడవాల," అంటిని. "పక్షులు మన ఎండ కోసరం కాచుకోవు గదా సార్," అని అతడు నవ్వెను. కెమెరా సంస్థలు అచ్చువేయు కరపత్రములలో ఎచటను కనరాని సత్యమును ఆ మాటలో నేను వింటిని.

గట్టు నుండి 50 మీటర్ల దూరమున ఒక గూడబాతు నిలిచియున్నదనుకొందము. దాని పొడవు సుమారు 140 సెంటీమీటర్లు. 300 మిల్లీమీటర్ల కటకము దానిని సెన్సారుపై 8 మిల్లీమీటర్లకు పైబడిన బింబముగా నిలుపును. అనగా చిత్రపు వెడల్పులో దాదాపు సగము పక్షియే నిండును. ఆ దూరమున కంటికి బూడిదవన్నె ముద్దగా మాత్రమే తోచు పక్షి, తెరపై పెద్దది చేసి చూడగా, పై ముక్కు అంచు పొడవునను వరుసదీరిన నల్లని చుక్కలతోను, కంటి చుట్టునున్న లేత పసుపు చర్మముతోను, మెడ వెనుక చింపిరిగా లేచిన జుట్టుతోను ప్రత్యక్షమయ్యెను. తల్లి నోరు తెరవగా పిల్ల తన తలను మెడవరకు ఆ సంచిలోనికి దూర్చి, రెక్కలు కొట్టుకొనుచు చేపలు తినుట చూచినపుడు, మ్రింగబడుచున్నది పిల్లయో చేపయో తెలియని భ్రాంతి కలుగును. అరకిలో కటకము ఇంతపని చేయుట చిన్న విషయము కాదు.

వెలుతురు లెక్క

సూర్యోదయమునకు ముందు తీసిన చిత్రములను చూచినపుడు కథ మారినది. బూడిదవన్నె ఈకలపై ఇసుక చల్లినట్లు రంగురంగుల గరుకు కనబడెను. దీనికి కారణమును కెమెరాలో గాక వెలుతురు స్వభావమునందే వెదకవలెను. తొలకరిలో మొదటి చినుకులు వాకిటి బండలపై పడునపుడు ఒక బండపై మూడు, ప్రక్కబండపై ఒకటి, ఆపై బండపై ఏమియు లేక యుండి, వాన కురిసినకొలది అన్నియు సమముగా తడియుట అందరును చూచినదే; ఫోటానుల వానయును అట్టిదే. ఒక గడిలో సగటున 10,000 ఫోటానులు పడినచో హెచ్చుతగ్గులు వాని వర్గమూలమగు నూటికి చేరువలో, అనగా నూటికి ఒకటి వంతున నుండును. 100 ఫోటానులే పడినచో హెచ్చుతగ్గు పది, అనగా నూటికి పది. చీకటిలో గరుకు కనబడుటకు ఇదియే ముఖ్యకారణము. సెన్సారు ఎంత నాణ్యమైనదైనను ఈ హెచ్చుతగ్గును తొలగింపజాలదు. ఎక్కువ వెలుతురును పోగుచేయుటయే దానికి మందు.

ఆ పోగుచేయు శక్తి కటకపు ప్రవేశద్వారపు వైశాల్యమును బట్టి యుండును. నా కటకము 300 మిల్లీమీటర్లకు చాచినపుడు దాని ఎపర్చరు ఎఫ్ 6.7, అనగా ద్వారపు వ్యాసము సుమారు 45 మిల్లీమీటర్లు. 600 మిల్లీమీటర్ల ఎఫ్ 4 కటకపు ద్వారము 150 మిల్లీమీటర్లు. వైశాల్యములను పోల్చినచో, అదే పక్షి నుండి, అదే క్షణమున, ఆ పెద్ద కటకము నా చిన్న కటకముకంటె పదకొండు రెట్లు వెలుతురు గ్రహించును. పెట్టెపై 600కి సమానమని వ్రాసిన వ్రాత చూపు కోణమునకు మాత్రమే చెల్లును, వెలుతురునకు చెల్లదు. ఉషఃకాలమున ఎగురు నత్తగుల్లకొంగను సెకనులో వెయ్యవ వంతున పట్టవలెనన్నచో చిన్న కెమెరాలో ఐఎస్ఓ 6400 వరకు పోవలసివచ్చును. ఐఎస్ఓ పెంచుట లేని వెలుతురును పుట్టించుట కాదు, ఉన్న కొద్దిదానిని హెచ్చించి చూపుటయే. సూర్యుడు చెట్లపైకి వచ్చిన పిమ్మట 400, 800లతోనే పని జరిగి, గరుకు కనబడక మాయమగును.

ఇట్టి లోటును కొంత పూడ్చు గుణ మొకటి చిన్న సెన్సారునకు కలదు. అది తేలికగుటచేత, దానిని అయస్కాంతముల నడుమ వ్రేలాడదీసి, చేతివణుకునకు ఎదురుగా కదలించుట సులభము. 2012లో ఒలింపస్ ఈ-ఎం5 కెమెరాలో అయిదు విధముల వణుకును సవరించు ఏర్పాటు వచ్చెను. చింతవక్క పగలెల్ల కొమ్మనీడలో మెడ ముడుచుకొని, ఎర్రని కన్ను మాత్రము తెరచి, బొమ్మవలె కూర్చుండును. దానిని వెయ్యవ వంతు సెకనులో తీయనక్కరలేదు, ముప్పదవ వంతు చాలును. అంతలో ముప్పదిమూడు రెట్లు వెలుతురు చేరును. స్టాండు లేకయే, మోకాలిపై మోచేయి ఆనించి తీసిన చింతవక్క చిత్రమున కంటిలోని చెరువు ప్రతిబింబము సైతము స్పష్టముగా నున్నది. అయితే చేతివణుకును ఆపగల యంత్రము పక్షి కదలికను ఆపజాలదు. కావున ఈ మేలు కూర్చున్నవానికే గాని ఎగురువానికి అబ్బదు.

గురి, నిశ్శబ్దము

అద్దపు కెమెరాలలో కటకపు గురిని సరిచేయు పరికరము వేరుగా అడుగున నుండెడిది. కటకపు రెండంచుల నుండి వచ్చిన కిరణములు కలియుచున్నవో, ముందుగా దాటుచున్నవో, వెనుకబడుచున్నవో పోల్చి, ఎటు ఎంత జరుగవలెనో అది ఒక్కచూపులో చెప్పును. తొలినాళ్ల అద్దములేని కెమెరాలకు ఈ వసతి లేదు. కటకమును ముందువెనుకలకు జరుపుచు, వెలుగునీడల భేదము అత్యధికముగా కనబడుచోట ఆగుటయే వానికి తెలిసిన విద్య. నా చిన్న కెమెరా ఈ పాత విద్యనే నమ్ముకొన్నది. గూటిలో కూర్చున్న పక్షిపై దాని గురి అద్భుతము. ఏలనన సెన్సారే స్వయముగా పరీక్షించుటచేత, రెండు పరికరముల నడుమ పొత్తు కుదరకపోవు దోషమే దీనికి లేదు. ఎగిరివచ్చు పక్షి విషయమున మాత్రము అది శిఖరమును దాటిపోయి గాని శిఖరమని యెరుగలేక, ముందునకు వెనుకకు తడుముకొనుచుండగా పక్షి చెట్టు చేరును. సెన్సారు గడులలోనే పోల్చుశక్తిని ఇమిడ్చిన కెమెరాలు 2010–11 ప్రాంతమున వచ్చుటతో ఈ వెనుకబాటు తీరెను. 2020 నుండి పక్షిని, పక్షి కంటిని గుర్తించి వెంటాడునట్లు శిక్షణ పొందిన నమూనాలును వచ్చినవి. ఎగురు పక్షులే ప్రధానమనుకొనువారు కెమెరా కొనునపుడు మెగాపిక్సెళ్ల సంఖ్యకంటె ఈ గుణమును ముందుగా విచారింపవలెను.

అద్దము పోవుటవలన ప్రకృతి పరిశీలకునకు కలిగిన గొప్ప లాభము నిశ్శబ్దము. అద్దము లేదు గనుక దాని తటతట లేదు; సెన్సారును విద్యుత్తుతోనే తెరచి మూయు పద్ధతిని ఎంచుకొన్నచో షట్టరు తెర కదలిక చప్పుడును లేదు. గట్టు వారగా చేపకు పొంచియున్న కొంగ, నాకు పది పదునైదు అడుగుల దూరమున, నేను వరుసగా చిత్రములు తీయుచున్నను తల త్రిప్పలేదు. కాని ఈ నిశ్శబ్దమునకును ఒక మూల్యము కలదు. అనేక చిన్న కెమెరాలలో సెన్సారు తన వరుసలను పైనుండి క్రిందికి ఒక్కొక్కటిగా చదువుచు, మొత్తము చదువుటకు సెకనులో ఇరవయ్యవ వంతు మొదలు అరువదవ వంతు వరకు తీసికొనును. ఆలోపల రెక్క క్రిందికి దిగుచున్నచో, మొదటి వరుసలు చదివిన రెక్క ఒకచోట, చివరి వరుసలు చదివిన రెక్క వేరొకచోట ఉండి, చిత్రమున రెక్క సాగియో, వంగియో, ప్రకృతియందు లేని ఆకృతిని దాల్చును. రెక్కల నిర్మాణమును చదువగోరు విద్యార్థి ఇట్టి చిత్రమును సాక్ష్యముగా గైకొనరాదు. ఎగురువానికి తెర షట్టరునే వాడవలెను. సెన్సారునంతటిని ఒక్కసారిగా చదువు కెమెరాలు ఇటీవల వచ్చినవి గాని, అవి చిన్నవియు కావు, చౌకవియు కావు.

కంటికి ఆనించు బుల్లి తెర గుణమును చెప్పక విడువరాదు. తెల్ల కంకణము నల్లని కొమ్మల నడుమ కూర్చున్నపుడు, కెమెరా దృశ్యమంతటిని సగటు బూడిదవన్నెకు తెచ్చుటకై వెలుతురు పెంచి, పక్షిని సున్నపుముద్ద చేయుట పాత జబ్బు. పూర్వము ఈ సంగతి ఫిల్ము కడిగిన పిమ్మట గాని తెలియదు. ఇపుడు తీయబోవు చిత్రమే ముందుగా తెరపై కనబడుటచేత, ఈకల గీతలు తెల్లదనములో కరగుచున్న చోటును చూచుచునే వెలుతురు తగ్గింపవచ్చును. అయితే ఆ తెర వెలిగినంతసేపును బ్యాటరీ కరుగుచునే యుండును. అద్దపు కెమెరా ఒక్క బ్యాటరీతో వెయ్యి చిత్రముల వరకు తీయగా, చిన్న మిర్రర్‌లెస్ కెమెరా మూడు నాలుగు వందలకే అలసిపోవును. గట్టుపై కరెంటు ఉండదు గనుక రెండు మూడు బ్యాటరీలు జేబున ఉండవలెను.

పాలపిట్ట నీలము, ప్రళయకావేరి ఎండమావి

తిరుగుదారిలో పొలము నడుమ కరెంటుతీగపై కూర్చున్న పాలపిట్ట, నేను నిలిచినంతసేపు మట్టిరంగు పిట్టగానే యుండి, మిడుతకై దూకిన క్షణమున రెండు నీలముల రెక్కలను విప్పెను. ఆ నీలము రంగుపదార్థము వలన కలిగినది కాదు. ఈక పాయలలో గాలి నిండిన అతిసూక్ష్మ రంధ్రముల అల్లిక, నీలపు తరంగములనే అధికముగా వెదజల్లుటచేత ఏర్పడిన వర్ణమది. ఈకను నూరి పొడిచేసి ఆ అల్లికను చెరచినచో నీలము మిగులదు. సర్ సి.వి. రామన్ 1934లో పక్షుల ఈకల రంగులపై వ్రాసిన పరిశోధనా వ్యాసమున పరీక్షకు గైకొన్నది ఈ పాలపిట్టనే. కెమెరా సెన్సారు గడులకు సహజముగా రంగు తెలియదు. 1976లో కోడక్ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయరు పేటెంటు పొందిన పద్ధతిచొప్పున, ప్రతి నాలుగు గడులలో రెండింటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, ఒకదానిపై నీలపు రంగుపొర లుండును. కావున పాలపిట్ట నీలమును నిజముగా చూచునవి నాలుగింట ఒక్క గడి మాత్రమే. తక్కిన మూడింటి నీలమును ఇరుగుపొరుగు గడుల సాక్ష్యముతో కెమెరా గణించి నింపును.

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాట్ సరస్సును నడుమగా చీల్చుకొని సాగును; ఆ ప్రాంతపు పెద్దలు ఈ సరస్సును ప్రళయకావేరి అందురు. ఆవలియొడ్డున ఉపగ్రహములతోపాటు వాని కెమెరాలను గగనమునకు పంపు కేంద్రమున్నది. అంతరిక్ష అవసరమునకై చిన్నదైన సెన్సారు వంశమునకు చెందిన కెమెరాను చేతబట్టి ఆ బాటన నిలుచుట నాకు సముచితముగా తోచెను. పలుచని ఉప్పునీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి, తలలు క్రిందుచేసి మేయుచుండెను. ఉదయము ఎనిమిది గంటలకు స్పష్టముగా వచ్చిన వాని కాళ్లు, పదకొండు గంటలకు వంకరలు పోయి వణకజొచ్చెను. గాలి వేడెక్కినకొలది దాని వక్రీభవన గుణకము డిగ్రీకి సుమారు పదిలక్షలలో ఒక వంతు తగ్గును. వేడి బురదపై లేచు గాలిపొరలు వందల మీటర్ల దారిలో కిరణములను ఇట్టట్టు వంచుటచేత, ఎండమావిని చూపు న్యాయమే ఫ్లెమింగో కాళ్లను వంచును. ఇచట మూడు లక్షల కటకమును, ముప్పదివేల కటకమును సమానములే. ఉదయమున త్వరగా పోవుట, నీటిమట్టమునకు పైనుండి చూచుట తప్ప వేరు మార్గము లేదు.

చివరి తీర్పు

1930 దశాబ్దపు తొలినాళ్లలో నిజాము రాజ్యమున పక్షుల సర్వే జరిపిన సలీం అలీ కాలమున, పక్షిని నిస్సందేహముగా గుర్తించుటకు దానిని కాల్చి చర్మమును భద్రపరచుట తప్పనిసరి. 1946లో పశ్చిమగోదావరియందలి ఆరేడులో గూడబాతుల కాపురములను కె.కె. నీలకంఠన్ కనుగొని లోకమునకు తెలిపినపుడు ఆయనకు ఆధారము తన కండ్లును, కాగితమును. మదరాసు ప్రకృతి రచయిత ఎం. కృష్ణన్ భాగములు పోగుచేసి స్వయముగా కూర్చుకొన్న భారీ కెమెరాతో ఏనుగుల చిత్రములు తీసెను. నేడు ఒక పాఠశాల ఉపాధ్యాయుడు, సంచిలో పుస్తకములతోపాటు పట్టు కెమెరాతో, తేదీ, వేళ, స్థలము తెలియునట్లు తన ఊరి చెరువు పక్షులను సంవత్సరముల తరబడి నమోదు చేయవచ్చును. శాస్త్రమునకు అట్టి వరుస నమోదే ఒక్క అద్భుత చిత్రముకంటె విలువైనది.

కావున నా తీర్పు ఇది. మసకవెలుతురులో ఎగురు పక్షిని పత్రిక ముఖచిత్రమునకు తగునట్లు తీయగోరువారు పెద్ద కటకమునే కొనవలెను, మోయవలెను. ఆ పదకొండు రెట్ల వెలుతురునకు ప్రత్యామ్నాయము లేదు. పక్షుల నడవడిని, గూళ్లను, ఈకలను, రాకపోకలను ఎరుగగోరువారికి చిన్న మిర్రర్‌లెస్ కెమెరా చాలును. మధ్యాహ్నము వరకు భుజము నొప్పి లేక నడువనిచ్చును గనుక అట్టివారికి అదియే మేలు. ఏ కెమెరా చేతనున్నను, వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 ప్రకారము సంరక్షణ కేంద్రములలో చిత్రములు తీయుటకు అనుమతి పొందుడు. గూళ్లున్న చెట్లను సమీపింపకుడు, ఫ్లాషును వాడకుడు, డ్రోను ఎగురవేయకుడు. తల్లిపక్షి గూడు విడిచి లేచినదన్నచో మీరు అవసరమునకు మించి దగ్గరకు పోయితిరని అర్థము; అప్పుడు కెమెరా దించి వెనుకకు మరలుడు.